అండర్‌గ్రౌండ్ స్టెరాయిడ్‌కు ‘స్వతంత్ర’ ల్యాబు రిపోర్టు ఉంటే నమ్మవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జిమ్‌లో పరిచయమైన ఒకతను మీకు అండర్‌గ్రౌండ్‌ది, అంటే లైసెన్సు లేకుండా దొంగచాటుగా తయారైన టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ (కండలు పెంచే హార్మోన్ స్టెరాయిడ్) వయల్, అంటే ఇంజెక్షన్ సీసా అమ్మబోతూ, నాణ్యతకు రుజువుగా ఒక విదేశీ ప్రైవేటు ల్యాబు రిపోర్టును ఫోనులో పంపాడు. లేబుల్ మీద మిల్లీలీటరుకు 250 మిల్లీగ్రాములు అని ఉంది, రిపోర్టులో 247 వచ్చింది. రిపోర్టు మీద ఉన్న కోడ్‌ను ఆ ల్యాబు వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అదే రిపోర్టు అక్కడా కనిపించింది. తయారుచేసినవాడు కాదు, అమ్మేవాడు కాదు, మూడో మనిషి పరీక్షించాడు కదా, ఇక అనుమానం ఎందుకు అని మీ ప్రశ్న.

ఆ రిపోర్టు అసలైనదే అయి ఉండవచ్చు. ఆ అంకె కూడా నిజమే కావచ్చు. అయినా మీ చేతికి రాబోయే వయల్ గురించి అది చెప్పేది చాలా తక్కువ. ఒంటికి తక్షణం హాని చేసే విషయాల గురించి అసలు ఏమీ చెప్పదు. నేను హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో చాలా ఏళ్ళు పనిచేశాను, హార్మోన్ ఇంజెక్షన్ల పరీక్షలు కూడా చేశాను. ఒక బ్యాచ్ గేటు దాటాలంటే ఎన్ని పరీక్షలు, ఎన్ని సంతకాలు కావాలో తెలిసినవాణ్ణి కాబట్టి, ఒకే ఒక్క అంకె ఉన్న కాగితాన్ని చూసి కుర్రవాళ్ళు సూది పొడుచుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వీటిని వాడవద్దన్నదే నా మాట. ఆ మాట విని ఆగేవారు ఎలాగూ ఆగుతారు. ఆగనివారికైనా రిపోర్టులో ఏముందో, ఏం లేదో తెలియాలి.

ముందుగా, ఈ పరీక్షల అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. నల్లబజారు స్టెరాయిడ్ల మీద అప్పటివరకు వచ్చిన 19 అధ్యయనాలను కలిపి చేసిన ఒక సమీక్ష 2022లో బీఎంసీ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చింది. వాటిలో పరీక్షించిన నమూనాలు అయిదు వేలకు పైనే. సగటున 36 శాతం నకిలీవని, అంటే లేబుల్ మీద చెప్పిన మందు లేనివో, వేరే మందు ఉన్నవో అని తేలింది. మరో 37 శాతం నాసిరకం, అంటే మందు ఉన్నా మోతాదు తేడా ఉన్నవి. ఇవి ఎక్కడ తయారవుతాయో కూడా గుర్తుంచుకోండి. 2007లో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ ‘ఆపరేషన్ రా డీల్’ పేరుతో దాడులు చేసినప్పుడు 56 రహస్య ల్యాబులు దొరికాయి, 124 మందిని అరెస్టు చేశారు. చైనా నుంచి తెప్పించిన పొడిని ఇళ్ళలో, అద్దె గదుల్లో నూనెలో కలిపి వయళ్ళలో నింపడమే వాటిలో జరిగే పని. ఈ వ్యాపారం తీరు ఇప్పటికీ అదే. అలాంటి చోట తయారైన సరుకును ఎవరైనా బయటివారు పరీక్షిస్తే మంచిదే. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. దాని నుంచి మనం ఎంత నమ్మకం తీసుకోవచ్చన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మీ 247 దగ్గరికి వద్దాం.

మందుల పరీక్షలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి, అది ఏ పదార్థం. రెండు, ఎంత ఉంది. స్వచ్ఛత అనేది ఈ రెండింటికీ వేరు. చాలామంది అమ్మకందారులు ‘99 శాతం స్వచ్ఛత’ అని గొప్పగా చూపించేది, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గీసిన గ్రాఫులోని పీకుల (శిఖరాల) వైశాల్యాల నిష్పత్తి మాత్రమే. ఆ యంత్రానికి ఉన్న అతినీలలోహిత డిటెక్టరు తనకు కనిపించే వాటినే లెక్కిస్తుంది. పొడిలో ఉప్పు, పిండి, నీరు కలిసి ఉంటే అవి ఆ డిటెక్టరుకు కనిపించవు. సగం ఉప్పు కలిపిన పొడి కూడా ఆ పద్ధతిలో 99 శాతం స్వచ్ఛమని వస్తుంది. అసలు మందు ఎంత ఉందో చెప్పాలంటే, ధ్రువీకరించిన రిఫరెన్స్ స్టాండర్డ్‌ను (స్వచ్ఛత ముందే తేల్చిన ప్రామాణిక నమూనాను) తెలిసిన గాఢతల్లో యంత్రంలోకి ఎక్కించి, ఆ స్పందనతో శాంపిల్ స్పందనను పోల్చాలి. కాబట్టి రిపోర్టులో ఉన్న శాతం దేనికి సంబంధించిందో ముందు చూడాలి. స్వచ్ఛత మాత్రమే రాసి, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాయని రిపోర్టును పక్కన పెట్టేయవచ్చు.

మీ రిపోర్టులో మిల్లీగ్రాములు ఉన్నాయి, మంచిదే. అయితే అవి ఎస్టర్ (హార్మోన్ నెమ్మదిగా విడుదలయ్యేలా దానికి ఒక ఆమ్లాన్ని జోడించిన రూపం, ఎనాంథేట్ అలాంటిదే) మిల్లీగ్రాములా, టెస్టోస్టెరాన్ మిల్లీగ్రాములా? ఎనాంథేట్ అణుభారం సుమారు 400, అందులో టెస్టోస్టెరాన్ భాగం 288. అంటే 250 మిల్లీగ్రాముల ఎనాంథేట్‌లో ఉన్న హార్మోన్ దాదాపు 180 మిల్లీగ్రాములే. సిపియోనేట్‌లో ఈ వాటా 70 శాతం, ప్రొపియోనేట్‌లో 84 శాతం. లేబుల్ మీద ప్రొపియోనేట్ అని ఉండి లోపల ఎనాంథేట్ ఉంటే, రక్తంలో హార్మోన్ ఎక్కే తీరు, నిలిచే రోజులు అన్నీ మారిపోతాయి. ఏ ఎస్టరో తేల్చకుండా ‘టెస్టోస్టెరాన్ ఉంది’ అని మాత్రమే రాసిన రిపోర్టు అందుకే పనికిరాదు. మరో చిన్న విషయం. నూనె సాంద్రత నీటికంటే తక్కువ. ల్యాబు గ్రాముల్లో తూచి, ఆ అంకెను సాంద్రతతో సరిచేయకుండా మిల్లీలీటరుకు అని రాస్తే అయిదారు శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది. జిగురుగా ఉండే నూనెను పిపెట్‌తో తీస్తే గోడలకు అంటుకుని మరికొంత తేడా. అమెరికా మందుల ప్రమాణాల గ్రంథమైన ఫార్మకోపియాలో ఈ ఇంజెక్షన్‌కు లేబుల్ పరిమాణంలో 90 నుంచి 110 శాతం వరకు అనుమతి ఉంది. కాబట్టి 247 అయినా 240 అయినా అది మీరు పట్టించుకోవలసిన తేడా కాదు. ఆ మూడు మిల్లీగ్రాముల దగ్గరితనం చూసి ‘ఎంత కచ్చితంగా చేశారో’ అని మురిసిపోవడం వల్లనే మిగతా ప్రశ్నలు అడగడం మరచిపోతారు.

ఏ పదార్థమో గుర్తించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మాస్ స్పెక్ట్రోమీటర్ అణుభారం చూపిస్తుంది, అంతటితో తేలిపోతుందని చాలామంది నమ్మకం. టెస్టోస్టెరాన్‌కు, ఎపిటెస్టోస్టెరాన్‌కు, చవకగా దొరికే డీహెచ్‌ఈఏ అనే మరో హార్మోన్‌కు అణుసూత్రం ఒకటే, భారం ఒకటే. బోల్డెనోన్, ఆండ్రోస్టెన్‌డయోన్ అనే మరో జత స్టెరాయిడ్లకు కూడా వాటిలో వాటికి అణుసూత్రం ఒకటే. ఇంకా ముఖ్యమైన జత మెథెనోలోన్, మిథైల్‌టెస్టోస్టెరాన్. మొదటిది ‘ప్రిమో’ అనే పేరుతో ఖరీదుగా అమ్ముడుపోయేది. రెండోది చవకైనది, కాలేయం మీద భారం వేసే రకం. రెండింటి అణుసూత్రం ఒకటే. పదార్థాలను విడదీసే గొట్టమైన కాలమ్ గుండా పంపితే అవి వేర్వేరు సమయాల్లో బయటికి వస్తాయి, అణువును ముక్కలు చేసి చూస్తే ఆ ముక్కల తీరు కూడా వేరుగా ఉంటుంది. కానీ ఆ తేడా పట్టుకోవాలంటే ల్యాబు దగ్గర రెండింటి రిఫరెన్స్ స్టాండర్డ్‌లూ ఉండాలి, పోల్చి చూసే ఓపిక కూడా ఉండాలి. ఆక్సాండ్రోలోన్ అనే స్టెరాయిడ్‌ది ఇంకో ఇబ్బంది. టెస్టోస్టెరాన్ 240 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని బలంగా పీల్చుకుంటుంది. ఆక్సాండ్రోలోన్‌లో ఆ కాంతిని పీల్చే నిర్మాణం లేదు. టెస్టోస్టెరాన్‌కు వాడే పద్ధతినే దీనికీ వాడితే అది సరిగ్గా కనిపించదు, కొద్దిగా కలిపిన మరో స్టెరాయిడ్ మాత్రం పెద్ద పీకుగా కనిపిస్తుంది. పద్ధతి పేరు, డిటెక్టరు, తరంగదైర్ఘ్యం, వాడిన స్టాండర్డ్ వివరాలు లేని రిపోర్టు చదివితే ఇవేవీ తెలియవు. వచ్చిన క్రొమాటోగ్రామ్‌ను (యంత్రం గీసిన గ్రాఫును) జతచేసే ల్యాబును, ఒక్క అంకె మాత్రం ఇచ్చే ల్యాబుకన్నా నేను ఎక్కువగా గౌరవిస్తాను.

ఇదంతా రిపోర్టులో ఉన్న దాని గురించి. రిపోర్టులో లేనిది ఇంతకన్నా ముఖ్యం.

నూనె ఇంజెక్షన్ కండరంలోకి వెళ్ళేది. దాన్ని మింగడం లేదు, జీర్ణాశయంలోని ఆమ్లం కాపాడదు. అందువల్ల మందుల కంపెనీలో ఇంజెక్షన్ బ్యాచ్‌కు అన్నింటికన్నా కఠినమైన పరీక్ష స్టెరిలిటీ, అంటే సూక్ష్మజీవులు లేవని చూడటం. నమూనాలను పోషక ద్రవంలో ఉంచి 14 రోజులు గమనిస్తాం. పెద్ద బ్యాచ్ అయితే 20 వయళ్ళ వరకు ఈ పరీక్షకే ఖర్చవుతాయి. బాక్టీరియా చచ్చిపోయినా వాటి గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ జ్వరం తెప్పిస్తుంది కాబట్టి దానికి వేరే పరీక్ష. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటి లోహాలకు వేరే యంత్రం. ద్రవంలో తేలే కణాలకు ఇంకో పరీక్ష. పోస్టులో ఒక వయల్ పంపితే వచ్చే మామూలు రిపోర్టులో ఇవేవీ ఉండవు. విడిగా డబ్బు కట్టి అడిగితే కొన్ని ల్యాబులు వీటిలో కొన్ని చేస్తాయి, కానీ అమ్మేవాడికి ఆ ఖర్చు పెట్టే అవసరం ఏముంది? కొనేవాళ్ళు అడిగేది మోతాదు అంకెనే.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఖాళీని చూపించారు. వాడేవాళ్ళ దగ్గర నుంచి తెచ్చిన 28 నమూనాలను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. సగానికి పైగా లేబుల్‌తో సరిపోలేదు. అది ఊహించగలిగినదే. వాళ్ళు లోహాలకు కూడా వెతికారు, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం కనిపించాయి. లేబుల్ ప్రకారం సరైన మందు ఉన్న వయల్‌కు మామూలు రిపోర్టు తీయిస్తే ‘బాగుంది’ అనే వచ్చేది, ఎందుకంటే ఎవరూ లోహాల గురించి ల్యాబును అడిగి ఉండరు. అడగని ప్రశ్నకు ల్యాబు జవాబు ఇవ్వదు.

స్టెరిలిటీ పరీక్ష చేయించినంత మాత్రాన కూడా నిశ్చింత లేదు. దీనికి నాకు తెలిసిన అతి విషాదకరమైన ఉదాహరణ అండర్‌గ్రౌండ్‌ది కాదు, లైసెన్సు ఉన్న సంస్థది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్‌లో న్యూ ఇంగ్లాండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే ఫార్మసీ ఉండేది. వెన్నునొప్పికి వెన్నెముక దగ్గర ఇచ్చే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇంజెక్షన్లు తయారుచేసి ఆసుపత్రులకు పంపేది. ఇది కండలు పెంచే స్టెరాయిడ్ కాదు, వాపు తగ్గించే రకం. 2012లో ఆ వయళ్ళలో బూజు చేరింది. 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది మరణించారు అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క. ఇక్కడ మనకు కావలసిన విషయం వేరే ఉంది. ఆ ఫార్మసీ తన శాంపిళ్ళను బయటి స్వతంత్ర ల్యాబుకు పంపేది. కలుషితమైన బ్యాచ్‌లలో ఒకదానిలో 6,500కు పైగా వయళ్ళు ఉంటే, పరీక్షకు పంపినవి రెండు. ఆ రెండింటిలో ఏమీ పెరగలేదు. స్టెరైల్ అని రిపోర్టు వచ్చింది. ఆ రెండు వయళ్ళ వరకు అందులో అబద్ధం లేదు.

దీని వెనుక లెక్క చాలా సూటిగా ఉంటుంది. వెయ్యి వయళ్ళ బ్యాచ్‌లో వంద కలుషితమయ్యాయి అనుకోండి. రెండు తీసి పరీక్షిస్తే రెండూ శుభ్రంగా కనిపించే అవకాశం 81 శాతం. ఇరవై తీస్తే తప్పిపోయే అవకాశం 12 శాతానికి తగ్గుతుంది. కలుషితమైనవి పదే అయితే, ఇరవై పరీక్షించినా 82 శాతం సార్లు దొరకవు. అందుకే మందుల పరిశ్రమ చివరి పరీక్షను మాత్రమే నమ్మదు. నింపే గదిలో గాలి, ఫిల్టరు చెక్కుచెదరలేదని చూపే పరీక్ష, కార్మికుల చేతి తొడుగుల నుంచి తీసిన నమూనాలు, స్టెరిలైజేషన్ ఉష్ణోగ్రత రికార్డులు అన్నీ కలిసి బ్యాచ్ మీద నమ్మకం ఇస్తాయి. చివరి పరీక్ష వాటిని బలపరచడానికే. అద్దె గదిలో నింపిన వయల్‌కు వెనుక ఈ రికార్డులేవీ ఉండవు. మిగిలేది చివరి పరీక్ష ఒక్కటే, అదీ ఒక వయల్ మీద.

ఇక మీ ప్రశ్నలోని కోడ్ విషయం. కోడ్ కొట్టి చూడటం మంచి పనే. ఫోటోషాప్‌లో అంకెలు మార్చిన రిపోర్టులు చాలా తిరుగుతుంటాయి, కోడ్ వాటిని పట్టిస్తుంది. పాత రిపోర్టు మీద కొత్త బ్యాచ్ పేరు అతికించినా దొరికిపోతుంది. కానీ కోడ్ నిరూపించేది ఆ ల్యాబు ఆ రిపోర్టు ఇచ్చిందని మాత్రమే. ల్యాబుకు వచ్చిన వయల్‌ను పంపింది ఎవరు? ‘శాంపిల్ పేరు’ అనే గడిలో రాసేది పంపినవాడు చెప్పిన మాట. ఆ వయల్‌ను ఎక్కడ కొన్నారో, ఏ బ్యాచ్‌లోదో ల్యాబుకు తెలిసే మార్గం లేదు. అమ్మేవాడు మెడికల్ షాపులో కొన్న అసలైన ఇంజెక్షన్‌ను తన వయల్‌లో పోసి పంపినా, జాగ్రత్తగా ఒక చిన్న లాట్ తయారుచేసి పంపినా, అయిదు పంపి బాగా వచ్చిన ఒక్క రిపోర్టునే బయటపెట్టినా, ల్యాబు తన పని నిజాయతీగానే చేసినట్టు. బ్యాచ్ నంబరు కూడా మందుల కంపెనీలో ఉన్నట్టు ఉండదు. మా దగ్గర బ్యాచ్ నంబరు వెనుక తూచిన పొడి రసీదు నుంచి చివరి పెట్టె వరకు కాగితాలు ఉంటాయి. అక్కడ అది లేబుల్ ప్రింటరులో కొట్టిన నాలుగంకెలు. అదే నంబరుతో రేపు వేరే పొడి నింపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

శాంపిల్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న విషయం ఎంత పెద్దదో క్రీడల్లో డోపింగ్ పరీక్షలు చూపించాయి. 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్‌లో రష్యా అథ్లెట్ల మూత్రం సీసాలను రాత్రిపూట గోడలోని రంధ్రం గుండా పక్క గదికి పంపి, లోపలి మూత్రాన్ని మార్చి, మళ్ళీ తెచ్చి పెట్టారు. ల్యాబు డైరెక్టర్ గ్రిగరీ రొడ్చెంకోవ్ 2016లో బయటపెట్టారు, అదే ఏడాది మెక్‌లారెన్ నివేదిక దాన్ని నిర్ధారించింది. ఆ ల్యాబులోని యంత్రాలు ప్రపంచ స్థాయివి. వాటిలోకి వెళ్ళిన మూత్రమే వేరు. ప్రపంచమంతా చూసే పోటీల్లో, సీలు వేసిన సీసాలతోనే అలా జరిగితే, కొరియర్ కవరులో వచ్చిన వయల్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఎవరు హామీ ఇస్తారు?

ల్యాబు విషయానికి వస్తే, పరీక్షా ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 గుర్తింపు ఉందా అని చూడటం మొదటి మెట్టు. మన దేశంలో ఆ గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. చాలామంది ఆ ముద్ర చూసి ఆగిపోతారు. గుర్తింపు ల్యాబు మొత్తానికి గంపగుత్తగా రాదు, ఒక్కో పరీక్షకు విడిగా వస్తుంది. తాగునీటి పరీక్షకు గుర్తింపు ఉన్న ల్యాబు స్టెరాయిడ్ రిపోర్టు మీద అదే ముద్ర వేయకూడదు. గుర్తింపు పత్రం వెనుక ఉన్న పరీక్షల జాబితాలో మీ పరీక్ష ఉందో లేదో చూడండి. గుర్తింపు ఉన్నా ఎప్పటికప్పుడు తనిఖీ తప్పదు. మన ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షల ల్యాబునే 2019 ఆగస్టులో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా సస్పెండ్ చేసింది. టెస్టోస్టెరాన్ శరీరం తయారుచేసుకున్నదా, బయటి నుంచి వచ్చిందా అని తేల్చే ఐసోటోప్ నిష్పత్తి పరీక్షలో లోపాలు అందుకు చూపిన కారణాల్లో ఒకటి. 2021 చివరలో గానీ గుర్తింపు తిరిగి రాలేదు. ఆ ల్యాబును తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. పైన తనిఖీ చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి లోపం బయటపడింది, సరిదిద్దారు. అండర్‌గ్రౌండ్ సరుకును పరీక్షించే చిన్న ప్రైవేటు ల్యాబుల్లో కొన్నింటికి ఆ పై చూపు ఉండదు. వాటికి డబ్బు కట్టేవాళ్ళలో చాలామంది అమ్మకందారులే. ల్యాబు నిజాయతీగా ఉన్నా, చెడు ఫలితాలు ఇస్తూ పోతే ఖాతాదారులు వేరే చోటికి వెళ్తారన్న ఒత్తిడి దాని మీద ఉంటుంది.

డబ్బు వైపు నుంచి చూస్తే ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే సేవలు నయం. వేల్స్‌లో ప్రజారోగ్య శాఖ నడిపే వెడినోస్ 2013 నుంచి బ్రిటన్ ప్రజలు పేరు చెప్పకుండా పంపే నమూనాలను పరీక్షించి, కొన్నవాడు ఏమనుకున్నాడో, లోపల ఏముందో పక్కపక్కన ప్రచురిస్తోంది. వాటిలో స్టెరాయిడ్లూ ఉంటాయి. దాని పరిమితి ఏమిటంటే ఏముందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. స్పెయిన్‌లో ఎనర్జీ కంట్రోల్ అనే స్వచ్ఛంద సేవ కూడా ఇలా నమూనాలను పరీక్షిస్తుంది. వీటికి అమ్మకందారుతో లావాదేవీ లేదు, వాడేవాడి ఆరోగ్యమే వాళ్ళ పని, అందువల్ల నేను వీటి మాటకు ఎక్కువ విలువ ఇస్తాను. అయినా అక్కడ వచ్చిన ఫలితం కూడా ఆ ఒక్క నమూనాకే చెందుతుంది. మన దేశంలో అలాంటి సేవ లేకపోవడం నన్ను కలవరపెడుతుంది. వాడకం ఉందని అందరికీ తెలుసు. పరీక్షించుకునే చోటు లేదు, అడిగితే భయం.

ఇన్ని లోపాలు చెప్పాక రిపోర్టులన్నీ చెత్తబుట్టలో వేయమంటున్నానా? లేదు. ఒక తేడా గమనించండి. ‘ఇది చెడ్డది’ అని వచ్చిన రిపోర్టుకు, ‘ఇది మంచిది’ అని వచ్చిన రిపోర్టుకు ఒకే బరువు ఉండదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం, ఎందుకంటే కుండ అంతా ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికింది. వయళ్ళకు ఆ హామీ లేదు. కాబట్టి ఒక వయల్ బాగుంటే పక్క వయల్ గురించి తెలిసేది కొంచెమే. కానీ ఒక వయల్‌లో లేబుల్ మీద చెప్పిన మందే లేకపోతే, ఆ తయారీదారు దగ్గర పొడిని గుర్తించే పద్ధతి గానీ, గుర్తించాలన్న ఉద్దేశం గానీ లేదని తెలిసిపోతుంది. అది అతని సరుకు అంతటికీ వర్తిస్తుంది. అమ్మేవాడికి తెలియకుండా మామూలు కొనుగోలుదారు కొని, తన డబ్బుతో పంపి, చెడు ఫలితాన్ని బయటపెట్టిన రిపోర్టు ఉంటే దాన్ని నమ్మండి. అమ్మేవాడు చేతిలో పెట్టిన మంచి రిపోర్టును ప్రకటనగా చూడండి. మీకు వచ్చింది రెండో రకం.

మాత్రల సంగతి ఇంకా పల్చన. చేతి యంత్రంతో నొక్కిన మాత్రల్లో పొడి సమంగా కలవదు. మందుల కంపెనీ మాత్రలకే పదింటిని విడివిడిగా పరీక్షించి, ఒక్కోదానిలో ఎంత ఉందో చూస్తారు. అండర్‌గ్రౌండ్ సీసాలో ఒక మాత్ర పరీక్షించి వచ్చిన అంకె పక్క మాత్రకు వర్తించదు. పరీక్షకు పది పంపి, వాటిని కలిపి నూరితే సగటు వస్తుంది, తేడాలు మాయమవుతాయి.

ఇంట్లో చుక్కలు వేసి రంగు చూసే కిట్ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. వాటితో ఏదో ఒక స్టెరాయిడ్ ఉందా అన్నది కొంతవరకు తెలుస్తుంది. ఎంత ఉందో, రెండు మందులు కలిశాయో, క్రిములు ఉన్నాయో తెలియదు.

వాడాక రక్తపరీక్ష చేయించి టెస్టోస్టెరాన్ పెరిగితే సరుకు అసలైనదేనన్న నమ్మకం కూడా ఉంది. పెరిగితే అందులో టెస్టోస్టెరాన్ ఉందని తెలుస్తుంది, అంతే. సూది వేసుకున్న ఎన్నో రోజున రక్తం ఇచ్చారన్న దాన్నిబట్టి అంకె చాలా మారుతుంది. పైగా మామూలు డయాగ్నోస్టిక్ సెంటర్లలో వాడే యాంటీబాడీ పద్ధతి దగ్గరి పోలికలున్న ఇతర స్టెరాయిడ్లను కూడా టెస్టోస్టెరాన్‌గా పొరబడగలదు. రక్తపరీక్ష చేయించుకోవలసింది మరో కారణానికి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా), కొలెస్టరాల్, కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూడటానికి. వాడేవాళ్ళు ఎవరైనా ఆ పరీక్షలు తప్పించకూడదు. స్వచ్ఛమైన, కచ్చితమైన మోతాదు ఉన్న టెస్టోస్టెరాన్ కూడా రక్తాన్ని చిక్కబరుస్తుంది, మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది, వృషణాల పనిని ఆపేస్తుంది. ఏ రిపోర్టూ దీనికి అడ్డుపడదు.

మీరు చివరలో ‘పోనీ, మెడికల్ షాపులో దొరికేది కొంటే?’ అని అడిగారు. టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్ ఇంజెక్షన్లు మన దేశంలో వైద్యుడి చీటీ మీదే అమ్మాలి. అలసట, కోరికలు తగ్గడం, కండ తగ్గడం లాంటి లక్షణాలు నిజంగా ఉంటే హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టును కలవండి. ఉదయం పూట ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసి లోపం ఉంటే ఆయనే రాస్తారు. అలా బిల్లుతో కొన్న మందు మీద మీకు అనుమానం వస్తే, చాలామందికి తెలియని ఒక హక్కు ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందు కొన్న ఎవరైనా ఫారం 14ఎలో దరఖాస్తు పెట్టి, నిర్ణీత రుసుము కట్టి, ప్రభుత్వ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. సంతకం ఉన్న రిపోర్టు మీ చేతికే వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో అడిగితే ఎలా పంపాలో చెబుతారు. శాంపిల్ ఎక్కడ కొన్నారో బిల్లు చెబుతుంది, బ్యాచ్ వెనుక కంపెనీ రికార్డులు ఉంటాయి, తప్పు తేలితే చర్య తీసుకునే అధికారి ఉంటాడు. జిమ్‌లో చేతులు మారిన వయల్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అన్నట్టు, తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు జిమ్‌ల చుట్టూ చేసిన దాడుల్లో రక్తపోటు పడిపోయినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు పలుమార్లు దొరికాయి. అవి అసలైన కంపెనీల మందులే. అసలైనది కావడం, మీకు సరైనది కావడం వేర్వేరు.

మీరు గానీ, మీ స్నేహితుడు గానీ ఇప్పటికే ఆ వయల్ వాడి ఉంటే ఇది గుర్తుంచుకోండి. సూది వేసిన చోట మర్నాడు కాస్త నొప్పి ఉండటం మామూలే. రెండు మూడు రోజులు దాటినా ఎరుపు వ్యాపిస్తూ ఉన్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, గట్టి గడ్డ పెరుగుతున్నా, చలి జ్వరం వచ్చినా ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. అదే రోజు సర్జన్‌ను చూడండి. ఏం వేసుకున్నారో, ఎక్కడ కొన్నారో దాచకుండా చెప్పండి, డాక్టరు మిమ్మల్ని పోలీసులకు పట్టివ్వడానికి కూర్చోలేదు. మిగిలిన నూనెతో సహా వయల్‌ను పారేయకుండా మూత పెట్టి తీసుకెళ్ళండి. చీముతో పాటు దాన్ని కూడా కల్చర్‌కు (క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే ఏ క్రిమో, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చడం వాళ్ళకు సులువవుతుంది.